తృణావర్తుడు వచ్చి వెళ్ళాక

మా ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక కాగితం వారం రోజులుగా పడి ఉంది. పక్కన కలం కూడా ఉంది. వచ్చేపోయే ప్రతిసారీ దాన్ని చూస్తున్నాను, సంతకం మాత్రం పెట్టడం లేదు. మా అబ్బాయికి 13 ఏళ్ళు. వేసవి సెలవుల్లో తోటి పిల్లలతో కలిసి ఆరు రోజులు అడవి శిబిరానికి వెళ్తానంటాడు. గుడారంలో పడుకోవడం, పడవ నడపడం, నిప్పు రాజేసుకొని వండుకోవడం, చుక్కల పేర్లు నేర్చుకోవడం, ఇవన్నీ ఉంటాయట. ఫోన్లు ఇంట్లోనే వదిలి వెళ్ళాలట. ఆ ఒక్క నియమానికే నేను పరమానందంగా సంతకం పెట్టి ఉండవలసింది.

పెట్టలేకపోవడానికి కారణం మేముంటున్న చోటు. అమెరికా నడిబొడ్డున, మిస్సోరీ నదికి అటూ ఇటూ పరుచుకున్న మొక్కజొన్న చేల నడుమ, చాలా ఏళ్ళుగా మా కాపురం. ఇక్కడ ఏప్రిల్ మొదలుకొని జూన్ దాకా ఆకాశం వంక చూడటం ఒక అలవాటు. మబ్బు పచ్చబారితే కుక్కలకంటే ముందు మనుషులే గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

మన తెలుగులో ఈ గాలికి సరైన మాట లేదు. పత్రికలవాళ్ళు ఒకసారి "సుడిగాలి" అంటారు, ఇంకోసారి "పెనుతుఫాను" అంటారు, ఏదీ కుదరనప్పుడు "టోర్నడో" అని వదిలేస్తారు. తుఫాను అంటే మనకు తెలిసినది వేరు. అది సముద్రంలో పుట్టి, రోజుల తరబడి నడిచి, వందల కిలోమీటర్ల మేర రెక్కలు చాచుకొని వస్తుంది. దానికొక పేరుంటుంది, దారి ఉంటుంది, రేవుల్లో దానికోసం ఎగరేసే ప్రమాద సూచికలుంటాయి. టోర్నడో అలాంటిది కాదు. దాని వెడల్పు చాలాసార్లు కొన్ని వందల గజాలు, ఆయుష్షు కొన్ని నిమిషాలు. వీధికి ఈ పక్క ఇల్లు పునాదితో సహా మాయమవుతుంది, ఆ పక్క ఇంట్లో దండెం మీద బట్టలు అలాగే ఉంటాయి. ఇక మనం సుడిగాలి అనేది ఎండాకాలం మధ్యాహ్నం కళ్ళంలో లేచి, నాలుగు ఎండుటాకులను తిప్పి, పిల్లలు వెంటపడగానే చతికిలబడే దుమ్ముగాలిని. ఆ మాటతో దీన్ని పిలిస్తే పులిని పిల్లి అన్నట్టుంటుంది. తమాషా ఏమిటంటే ఇక్కడి పాతకాలపు రైతులు కూడా దీన్ని సైక్లోన్ అనే పిలిచేవారు. ఇంటి పెరట్లో తవ్వుకున్న నేలమాళిగను "సైక్లోన్ సెల్లార్" అన్నారు. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆటగాళ్ళ జట్టుకు 1895 నుంచి అదే పేరు.

మాటకోసం వెతుకుతుంటే నాకు దొరికినవాడు తృణావర్తుడు. భాగవతం చదివినవారికి గుర్తుండే ఉంటాడు. కంసుడు పంపగా గాలి రూపంలో గోకులానికి వచ్చిన రాక్షసుడు. తృణం అంటే గడ్డిపరక, ఆవర్తం అంటే సుడి. ఆ పేరు పెట్టినవారు ఇలాంటి గాలిని కళ్ళారా చూసే ఉంటారని నా నమ్మకం. టోర్నడో వెళ్ళిపోయాక చెట్టు బెరడులో గడ్డిపరకలు గుచ్చుకొని కనిపించడం ఇక్కడివారు పరిపాటిగా చెప్పుకొనే సంగతి. ఆ కథలో యశోద ఒళ్ళో ఉన్న బిడ్డ మోయలేనంత బరువెక్కుతాడు. ఆమె నేలమీద దించుతుంది. దించిన కాసేపటికే గాలి వస్తుంది, ధూళి కమ్ముతుంది, పక్కనున్న మనిషి కనబడడు. ధూళి తగ్గేసరికి బిడ్డ ఉండడు. అయితే ఆ కథలో బిడ్డ సామాన్యుడు కాడు గనుక రాక్షసుడి గొంతు పట్టుకొని కిందికి దించుతాడు. గోపికలు బిడ్డను తీసుకొచ్చి తల్లి చేతుల్లో పెడతారు.

ప్రతిసారీ అలా జరగదు. 2008 జూన్ 11న జరగలేదు.

అది బుధవారం. అయోవా రాష్ట్రం పడమటి అంచున, ఒమాహా నగరానికి ఉత్తరాన, లిటిల్ సూ స్కౌట్ రాంచ్ అనే శిబిర స్థలం. సుమారు 1,800 ఎకరాల అడవి, గుట్టలు, లోయలు. ఆ గుట్టలను లోయెస్ హిల్స్ అంటారు. మంచుయుగంలో మిస్సోరీ నది ఒడ్డున మేటవేసిన మెత్తటి మట్టిని వేల ఏళ్ళపాటు గాలి ఎత్తి పోస్తే ఏర్పడినవి అవి. అంటే ఆ నేలను కట్టిందే గాలి. ఆ వారం అక్కడ నాయకత్వ శిక్షణకోసం 93 మంది బాలురు, 25 మంది సిబ్బంది ఉన్నారు. బాలుర వయసు 13 నుంచి 18 దాకా. ఊరికే వచ్చిన పిల్లలు కారు, స్కౌట్లలో కాస్త ముందున్నవారిని ఏరి పంపిన శిక్షణ అది. ఆ ముందు రోజే ఆపద వస్తే ఏం చేయాలో, గాయపడినవారికి ఎలా కట్టు కట్టాలో సాధన కూడా చేశారు.

సాయంత్రం ఆరున్నర దాటింది. జాతీయ వాతావరణ సంస్థ హెచ్చరిక సుమారు 12 నిమిషాల ముందే వెలువడింది. గుడారాల్లో ఉన్నవారిని పిలిచి లోయలో వేరువేరు చోట్ల ఉన్న రెండు కట్టడాల్లోకి చేర్చారు. ఉత్తరపు కట్టడంలోని పిల్లలను బల్లల కింద దూరమన్నారు, దూరారు. తలుపు మూయబోతుండగానే గాలి వచ్చింది. ఆ కట్టడంలో చలికి వెచ్చదనంకోసం, సాయంత్రం కబుర్లకోసం కట్టుకున్న పెద్ద నిప్పుగూడు ఉంది. దాని పొగగొట్టం బరువైన కట్టుబడి. అది కూలి పిల్లల మీద పడింది. నలుగురు పోయారు. అందరూ 13, 14 ఏళ్ళవారే. గాయపడినవారు 48 మంది. గాలి బలాన్ని తరువాత ఈఎఫ్-3గా లెక్కకట్టారు, అంటే గంటకు 218 నుంచి 266 కిలోమీటర్ల మధ్య. ఈ లెక్క గాలిని కొలిచి వేసేది కాదు. పోయినదాన్ని చూసి, ఎంత గాలి వీస్తే ఇంత పోతుందో అంచనా కట్టి వేసేది. గాలి ఎంతటిదో దాని శిథిలాలే చెబుతాయి.

ఆ తరువాతి గంట గురించి ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దారులన్నీ కూలిన చెట్లతో మూసుకుపోయాయి. అంబులెన్సులు లోపలికి రాలేవు. అప్పుడు ఆ పిల్లలే చొక్కాలు చింపి కట్లు కట్టారు. నెత్తురు ఆగేలా బిగించి పట్టుకున్నారు. కాపలాదారు ఇల్లు నేలమట్టమై పొగగొట్టం ఒక్కటే మిగిలితే, ఆ శిథిలాలు తవ్వి కుటుంబాన్ని బయటికి తీశారు. సామగ్రి కొట్టు తెరిచి రంపాలు, చిన్న బండ్లు తెచ్చుకొని దారిలో చెట్లు కోశారు. పదమూడేళ్ళవాళ్ళు, పదిహేనేళ్ళవాళ్ళు! మరునాడు గవర్నరు చెట్ కల్వర్ వచ్చి చూశారు. దేశమంతా ఆ పిల్లలను పొగిడింది. పొగడవలసిందే. "సిద్ధంగా ఉండండి" అన్న స్కౌట్ల మాటను అంతకంటే బాగా ఎవరూ నిలబెట్టలేరు.

నా పేచీ ఆ పొగడ్తతో కాదు, ఆ పొగడ్త దగ్గరే కథ ముగించడంతో.

ఏ ఉపద్రవం తరువాతైనా రెండు రకాల మాటలు వినబడతాయి. ఒకటి ధైర్యం గురించి, ఇంకొకటి దైవం గురించి. "ఆ పిల్లలు ఎంత ధైర్యవంతులో" అన్నది మొదటిది. "దేవుడి చేత ఎవరు మాత్రం ఏం చేయగలరు" అన్నది రెండవది. ఇక్కడి బీమా పత్రాల్లో కూడా ఇలాంటి ప్రమాదాలను "దేవుడి చర్య" అనే అంటారు. మన ఊళ్ళలో "విధి" అంటాం, "నూరేళ్ళు నిండాయి" అంటాం. పుత్రశోకంలో ఉన్న తల్లికి ఆ మాట ఒక ఊత. ఆమె చేతిలోంచి దాన్ని లాక్కునే హక్కు నాకు లేదు. కానీ అదే మాటను కట్టడాలు కట్టేవారూ, అనుమతులిచ్చేవారూ, శిబిరాలు నడిపేవారూ వాడితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. గాలి దేవుడిదే అనుకుందాం. పొగగొట్టం ఎవరిది?

ఒక్కసారి లెక్క చూడండి. హెచ్చరిక వచ్చింది. పిల్లలు విన్నారు, పరుగెత్తారు, చెప్పినచోట దాక్కున్నారు. పెద్దలు కూడా తమకు చేతనైనది చేశారు, వారిలో ఎవరినీ వేలెత్తి చూపను. ఆ 12 నిమిషాల్లో మనుషులు చేయగలిగినదంతా జరిగింది. జరగనిది అంతకు ముందరి ఏళ్ళలో జరగవలసినది. టోర్నడోలు తిరిగే నేలమీద వందమందికి పైగా రాత్రులు గడిపే స్థలంలో, ఆ గాలిని తట్టుకునే గది ఒక్కటి కూడా లేదు. పరుగెత్తి చేరుకున్న "ఆశ్రయమే" మీద పడింది. "సిద్ధంగా ఉండండి" అన్న పాఠం పిల్లలకు నేర్పాం, మనం మాత్రం నేర్చుకోలేదు. బడికి వెళ్ళినవారు పాసయ్యారు, బడి కట్టినవారు తప్పారు.

ఇది ఒక్క చోట జరిగిన సంగతి అయితే దురదృష్టమని ఊరుకోవచ్చు. 2000 జూలై 14, శుక్రవారం సాయంత్రం ఏడు గంటల వేళ కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో పైన్ లేక్ ఒడ్డున గ్రీన్ ఎకర్స్ అనే శిబిర స్థలం మీద టోర్నడో పడింది. వారాంతం మొదలవుతోంది. కుటుంబాలు అప్పుడప్పుడే వచ్చి బండిళ్ళు నిలుపుకొని వంటకు కూర్చున్నాయి. 12 మంది పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. బండిళ్ళు కొన్ని సరస్సులోకి ఎగిరి పడ్డాయి. చక్రాల మీద నిలిచిన రేకు పెట్టెకు గాలి ముందు గుడారానికున్నంత విలువే. అదే రాష్ట్రంలో 1987 జూలై 31న ఎడ్మంటన్ నగరాన్ని టోర్నడో తాకినప్పుడు పోయిన 27 మందిలో సగానికి పైగా ఒకే ఒక్క బండిళ్ళ కాలనీవారు. పదమూడేళ్ళ తరువాత మళ్ళీ రేకు గోడలే.

ఇంకొకటి చెబుతాను. 2014 జూలై 24 ఉదయం వర్జీనియాలో చెర్రీస్టోన్ అనే సముద్రతీర శిబిరం మీదుగా టోర్నడో వెళ్ళింది. దాని బలం ఈఎఫ్-1 మాత్రమే. ఆ గాలికి బాగా కట్టిన ఇంటి పెంకులు లేస్తాయి, కిటికీలు పగులుతాయి, గోడలు మాత్రం నిలుస్తాయి. కానీ అక్కడున్నవారు సుమారు 1,300 మంది గుడారాల్లో, బండిళ్ళలో ఉన్నారు. చెట్టు కూలి గుడారం మీద పడి భార్యాభర్తలిద్దరు పోయారు. మరో 36 మంది గాయపడ్డారు. ఊళ్ళో వచ్చి ఉంటే మరునాటి కబురుగా మిగిలే గాలి, శిబిరంలో వచ్చింది గనుక ప్రాణాలు తీసింది. కాబట్టి మనిషి బతకడానికీ చావడానికీ మధ్య ఉన్న తేడా చాలాసార్లు గాలి వేగం కాదు, గోడ మందం.

దీనికి మూడు అభ్యంతరాలు వింటుంటాను. మొదటిది, "ఎప్పుడో వచ్చేదానికి ఇంత ఖర్చా?" అని. నిజమే, ఏ ఒక్క స్థలాన్ని తీసుకున్నా టోర్నడో నేరుగా దాని మీదే పడే అవకాశం బహు స్వల్పం. ఆ స్వల్పాన్ని ఏళ్ళతోనూ, శిబిరాల సంఖ్యతోనూ, ఒక్కొక్క చోట పడుకునే పిల్లల సంఖ్యతోనూ గుణించి చూడాలి. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి బిడ్డ మీద అది తప్పక పడుతుంది. అమెరికాలో ఏటా వెయ్యికి పైగా టోర్నడోలు నమోదవుతున్నాయి. అవన్నీ ఎవరూ లేని పొలాల్లోనే పడాలని ఒప్పందమేమీ లేదు.

రెండవది, "ఆ గాలికి ఏది నిలుస్తుంది?" అని. ఇది తెలియక అనేమాట. 1970 మే 11న టెక్సాస్‌లోని లబ్బక్ పట్టణాన్ని టోర్నడో కొట్టింది, 26 మంది పోయారు. అక్కడి టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయంవారు ఆ శిథిలాల్లో తిరిగి, కూలినదేదో నిలిచినదేదో పరిశీలించారు. ఇళ్ళు కూలినా లోపలి చిన్న గదులు కొన్ని నిలిచి ఉండటం గమనించారు. అక్కడినుంచి మొదలైన పరిశోధనే ఈ రోజు "సేఫ్ రూమ్" అని పిలిచే గదికి మూలం. సమాఖ్య ప్రభుత్వపు విపత్తు సంస్థ ఫెమా 1998లో ఇళ్ళలో కట్టుకునే గదులకూ, 2000లో జనసమూహాలు తలదాచుకునే గదులకూ నమూనాలు ప్రచురించింది. గంటకు 400 కిలోమీటర్ల గాలికి నిలిచేలా వాటి లెక్క. గోడ సరిపోతుందో లేదో ఎలా పరీక్షిస్తారో తెలుసా? దాదాపు ఏడు కిలోల బరువున్న కొయ్య దూలాన్ని ఫిరంగిలాంటి గొట్టంలోంచి గంటకు 160 కిలోమీటర్ల వేగంతో గోడ మీదికి కొడతారు. దూలం అవతలికి రాకూడదు. అంటే 2008 జూన్ నాటికి ఇదంతా కాగితం మీద ఉంది, ఎవరైనా తెప్పించుకోవచ్చు. తెలియని విద్య కాదు, చేయని పని.

మూడవ అభ్యంతరం మాత్రం నన్ను కాసేపు ఆలోచింపజేసింది. అది మా అబ్బాయిదే. "నాన్నా, శిబిరానికి వెళ్ళేదే గోడల్లేని చోట పడుకోవడానికి. అక్కడ కూడా కాంక్రీటు గది కట్టించి కూర్చోబెడితే ఇంక వెళ్ళడం ఎందుకు?" అన్నాడు. ఆ మాటలో నిజముంది. పిల్లలను అన్ని గాలులనుంచీ కాపాడాలనుకుంటే వాళ్ళను ఏ గాలీ తగలనివ్వం. నేను చిన్నప్పుడు కాలవలో ఈత నేర్చుకున్నప్పుడు మా నాన్నగారు ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండేవారు తప్ప నీళ్ళలోకి దిగవద్దని అనలేదు. కానీ ఆయన ఒడ్డున కూర్చున్నారు కదా! అదీ సంగతి. ఆశ్రయం అనేది ఆరు రోజులూ అందులో కూర్చోవడానికి కాదు. ఆరు రోజులూ బయట తిరగడానికి ధైర్యమిచ్చేది. ఒడ్డున మనిషి ఉన్నాడని తెలిస్తేనే పిల్లవాడు మధ్యకు ఈదుతాడు.

మన దగ్గర ఈ పాఠం ఎంత వెల పెట్టి నేర్చుకున్నామో కృష్ణాజిల్లావాడిగా నాకు తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది పోయారు. మా పెద్దలకు కాలం రెండు భాగాలు, ఉప్పెనకు ముందు, ఉప్పెన తరువాత. ఆ తరువాతే తీరం వెంబడి స్తంభాల మీద ఎత్తుగా తుఫాను ఆశ్రయాలు లేచాయి. మామూలు రోజుల్లో అవే బళ్ళు, అవే సమావేశ మందిరాలు. 1990 మే నెలలో మళ్ళీ అంతటి తుఫానే అదే తీరానికి వచ్చింది. ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు. పోయినవారు సుమారు వెయ్యిమంది. వెయ్యి తక్కువ సంఖ్య కాదు, నాకు తెలుసు. కానీ పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తొమ్మిదివేల మంది దైవం వల్ల బతకలేదు. హెచ్చరిక వల్ల, లారీల వల్ల, గోడల వల్ల బతికారు. బీదవాళ్ళం, మనం కట్టుకోగలిగాం. ఇంత సంపన్న దేశంలో ఒక శిబిరానికి ఒక్క గది కట్టలేరంటే నేను నమ్మను.

కట్టే పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. దివిసీమలో ఆశ్రయం బడి అయినట్టు, ఇక్కడ స్నానాల గదులు ఆశ్రయం కావచ్చు. ఎలాగూ ప్రతి శిబిరానికీ మరుగుదొడ్లు కట్టాలి. వాటినే మందపాటి కాంక్రీటు గోడలతో, కాంక్రీటు పైకప్పుతో కడితే సరి. కొన్ని చోట్ల అలాగే కడుతున్నారు కూడా. మిన్నెసోటా రాష్ట్రంలో 1988 మార్చి తరువాత అనుమతి పొందిన, పది ఇళ్ళకు తక్కువగాని బండిళ్ళ కాలనీలన్నీ తుఫాను ఆశ్రయం ఏర్పాటు చేయాలని చట్టమే ఉంది. కాలనీలో కాపురముండేవాడికి వర్తించే న్యాయం, శిబిరంలో వారం రోజులుండే పిల్లవాడికి ఎందుకు వర్తించకూడదు?

ఉపద్రవం తరువాత అనేదానికి రెండు అర్థాలున్నాయని నాకనిపిస్తుంది. ఒకటి కెమెరాలున్నప్పటిది. ఇంకొకటి అవి వెళ్ళిపోయాకది. ఆ ఏడాది కెమెరాలకు తీరిక ఎక్కువ లేదు. అప్పటికి రెండు వారాలకు పైగా ముందు, మే 25న, అదే రాష్ట్రంలో పార్కర్స్‌బర్గ్ పట్టణం ఈఎఫ్-5 గాలికి సగం తుడిచిపెట్టుకుపోయింది. ఈ పిల్లలు పోయిన రెండు రోజులకే, జూన్ 13న, సీడర్ నది పొంగి సీడర్ రాపిడ్స్ నగరాన్ని ముంచింది. వార్త కదిలిపోయింది. ఆ నాలుగు ఇళ్ళలో మాత్రం ఏమీ కదిలి ఉండదు. పిల్లవాడి బూట్లు గుమ్మం పక్కన ఉన్నచోటే ఉండి ఉంటాయి. బతికి వచ్చిన పిల్లల సంగతీ అంతే. పదమూడేళ్ళప్పుడు స్నేహితుడి గాయానికి తన చొక్కా కట్టినవాడికి ఈనాటికి ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. గాలి గట్టిగా వీచిన రాత్రి వాడికి నిద్ర పడుతుందా? వీరుడని పిలిచినంత మాత్రాన ఆ రాత్రి తేలికవుతుందా? వీరుడు అనే మాట కూడా ఒక బరువే. దాన్ని మోయమని పదమూడేళ్ళవాడి భుజాన పెట్టకుండా ఉండగలిగితే అంతకంటే పెద్ద గౌరవం లేదు.

అక్కడ తరువాత స్మారకంగా ఒక ప్రార్థనాస్థలం నిర్మించారు, తుఫాను ఆశ్రయాన్నీ కట్టారు. రెండూ మంచి పనులే. కానీ ప్రతి స్మారకం ముందూ నిలబడినప్పుడు నాకొక ప్రశ్న వస్తుంది. రెండింటిలో ఏది ముందు రావలసింది? ఆశ్రయం ముందు కట్టి ఉంటే స్మారకం అక్కరలేకపోయేది. మన లోకపు రివాజు మాత్రం తలకిందులు. నలుగురు పోతేగాని నాలుగు గోడలు లేవవు. 2013 మే 20న ఓక్లహోమాలోని మూర్ పట్టణంలో ప్రాథమిక పాఠశాల గోడ కూలి ఏడుగురు చిన్నారులు పోయారు. ఆ తరువాతే ఈ ప్రాంతాల్లో కొత్తగా కట్టే బళ్ళకు ఆశ్రయపు గది ఉండి తీరాలన్న నియమం దేశవ్యాప్త నమూనా నిర్మాణ నియమావళిలోకి, 2015 ప్రతిలో, ఎక్కింది. ఎవరి బిడ్డలు పోతే ఏ నియమం వచ్చిందో రాసుకుంటూ పోతే అదొక చరిత్ర గ్రంథమవుతుంది.

సరే, మా భోజనాల బల్ల దగ్గరికి వస్తాను. వారం రోజుల ఊగిసలాట తరువాత శిబిరంవారికి ఫోన్ చేశాను. పేరు చెప్పను, చెప్పవలసిన అవసరమూ లేదు. ఫోనెత్తిన పెద్దావిడ చాలా మర్యాదగా మాట్లాడారు. "గాలివాన వస్తే పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్తారండీ?" అని అడిగాను. "భోజనశాలలోకి. చాలా గట్టి కట్టడం. పాతకాలపు రాతి నిప్పుగూడు కూడా ఉంది, పిల్లలకు ఎంత ఇష్టమో!" అన్నారు.

నాకు కాసేపు నోట మాట రాలేదు. ఆవిడ, "అయినా ఇక్కడ ఎప్పుడూ టోర్నడో రాలేదండీ" అని కలిపారు. ఎప్పుడూ రాలేదు అన్న మాటను నేను ఎక్కడ విన్నా భయపడతాను. పైన్ లేక్‌లోనూ అలాగే అనుకొని ఉంటారు.

కోపంగా ఒక ఉత్తరం రాశాను. రాత్రి అట్టే పెట్టుకొని పొద్దున చదివి చింపేశాను. మళ్ళీ రాశాను. లిటిల్ సూ సంగతి, పొగగొట్టం సంగతి, సాధన సంగతి ఒక పేజీలో సరిపెట్టాను. మరి నలుగురు తల్లిదండ్రుల చేత సంతకాలు పెట్టించాను. అందులో ఒకాయన, "మీరు మరీ భయపడుతున్నారు గానీ, పెడతాను లెండి" అంటూ పెట్టాడు. మా ఆవిడ, "వాడు నవ్వులపాలవుతాడేమోనండీ" అంది. నవ్వితే నవ్వనీ అన్నాను, అన్నానే గాని లోపల నాకూ జంకుగానే ఉంది. వలస వచ్చినవాళ్ళం ఒక ప్రశ్న అడగడానికి పదిసార్లు వెనకాముందాడతాం. మనకెందుకులే, ఇక్కడివాళ్ళకు తెలియదా అనుకుంటాం.

పది రోజులకు జవాబు వచ్చింది. భోజనశాల మాట వదిలేశారు. గుట్టలోకి సగం తవ్వి కట్టిన స్నానాల గదుల వరుస ఒకటుందట, గోడలూ పైకప్పూ కాంక్రీటువేనట. కాస్త ఇరుకే గాని అందరూ పడతారట. ఇకనుంచి దాన్నే ఆశ్రయంగా వాడతామనీ, మొదటిరోజు సాయంత్రమే పిల్లలను గుడారాలనుంచి అక్కడికి పరుగెత్తించి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తామనీ, వాతావరణ రేడియో రాత్రంతా ఒకరి దగ్గర తెరిచి ఉంచుతామనీ రాశారు. ఫెమా నమూనా కాదు. ఈఎఫ్-5కు నిలుస్తుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. కానీ రాతి పొగగొట్టం కింద బల్లకంటే వెయ్యి రెట్లు మేలు. ఖర్చు ఏమైందంటే ఒక తపాలా బిళ్ళ, ఐదు సంతకాలు, కాసింత మొహమాటం.

ఆ రాత్రి కాగితం మీద సంతకం పెట్టాను. వాడు సంచి సర్దుకుంటున్నాడు. "ఆ గదులు ఎటువైపో వెళ్ళగానే చూసుకో" అన్నాను. "నీ ఉత్తరం మా గుంపులో అందరికీ తెలిసిపోయింది నాన్నా" అన్నాడు విసుగ్గా. ఆ తరువాత కాసేపాగి, "ఆ నలుగురిలో నా వయసువాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకేమీ అడగలేదు.

యశోద బిడ్డను నేలమీద దించడం తప్పు కాదు. ఎంతటి తల్లి అయినా ఎప్పుడో ఒకప్పుడు దించాలి. బిడ్డ బరువెక్కుతాడు, అదే పెరగడం. దించే చోటు ఎలాంటిదో చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. పిల్లలను బడికో, ప్రయాణానికో, శిబిరానికో, వసతిగృహానికో పంపే ప్రతి ఒక్కరూ సంతకానికి ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలునని నా అభిప్రాయం. అక్కడ గాలివాన కావచ్చు, మన ఊళ్ళో నిప్పు కావచ్చు, నీరు కావచ్చు. ఆపద వస్తే ఎటు పరుగెత్తాలి, ఆ చోటు నిలుస్తుందా?

నేను మరీ పిరికితనంగా ఆలోచిస్తున్నానంటారా? మిత్రులు మొహమాటం లేకుండా చెప్పండి. మీలో ఎవరైనా ఇలాంటి ప్రశ్న అడిగి, దానికి సరైన జవాబు రాబట్టిన అనుభవముంటే అదీ రాయండి. మా అబ్బాయి శనివారం తిరిగి వస్తాడు.